ఏరు దాటాక తెప్ప: రాజమండ్రి పాత వంతెన పాఠం చెప్పేముందు

మన మూడో స్థాయి పుస్తకంలో గోదావరి పాఠం ఒకటిన్నర పేజీ. త్ర్యంబకం దగ్గర పుట్టింది, బాసర, ధర్మపురి, భద్రాచలం, రాజమండ్రి మీదుగా పారింది, బంగాళాఖాతంలో కలిసింది. పిల్లలు పావుగంటలో అప్పజెప్పేస్తారు, వారం తిరిగేసరికి మర్చిపోతారు. తప్పు వాళ్ళది కాదు. ఖతార్‌లో పెరిగే పిల్లలకి చూపించడానికి ఇక్కడ ఒక్క నదీ లేదు. సముద్రం ఉంది, ఎడారి ఉంది, ఎప్పుడైనా గట్టి వాన పడితే రోడ్ల మీద నిలిచిన నీళ్ళున్నాయి. ఒడ్డు, రేవు, వరద, లంక అన్న మాటలు వాళ్ళకి ఉట్టి శబ్దాలే.

అందుకని ఈ పాఠాన్ని నదితో కాకుండా, నది మీద నిలబడ్డ ఒక వస్తువుతో మొదలుపెట్టి చూడండి. రాజమండ్రికీ కొవ్వూరుకీ మధ్య ఉన్న పాత రైలు వంతెన అది. కాగితాల్లో హేవలాక్ బ్రిడ్జి, ఊళ్ళోవాళ్ళ నోట్లో పాత బ్రిడ్జి. 1897 నవంబరు 11న పని మొదలైంది, 1900 ఆగస్టు 30న రైళ్ళకు తెరిచారు, 1997లో రైళ్ళు ఆపేశారు. ఆపేసిన దగ్గర్నుంచీ దాన్ని ఉంచాలా, విప్పేయాలా అన్న మాట నడుస్తూనే వచ్చింది. మన తరగతికి ఆ మాటే ముఖ్యం. ఎందుకో కొంచెం తర్వాత చెప్తాను. ముందు ఆ వంతెన ఎంతదో పిల్లలకి తెలియాలి.

పొడవు 2.7 కిలోమీటర్ల పైచిలుకు. ఈ అంకె బోర్డు మీద రాస్తే ఏమీ అవదు. దోహా కార్నీష్ మొత్తం ఏడు కిలోమీటర్లు, మన పిల్లలందరికీ తెలిసిన దారి. షెరటాన్ వైపు నుంచి నడక మొదలుపెట్టి, మూడో వంతు దాటి ఇంకాస్త దూరం వెళ్తే అదీ గోదావరి వెడల్పు, ఆ చోట. చల్లబడ్డాక ఒక శుక్రవారం సాయంత్రం తల్లిదండ్రులు పిల్లల్ని అంత దూరం నడిపించండి. ముప్పావుగంట దాకా పడుతుంది. అంతసేపూ కుడిపక్కా ఎడమపక్కా నీళ్ళేనని ఊహించుకోమనండి. గంటకి 30 కిలోమీటర్ల వేగంతో పోయే రైలుకి కూడా ఆ నీళ్ళు దాటడానికి ఐదు నిమిషాల పైనే పడుతుంది. ఆ ఐదు నిమిషాల్లోనే పెద్దవాళ్ళు కిటికీలోంచి నాణేలు వేసేవాళ్ళు, చేతులు జోడించేవాళ్ళు.

అక్కడ నది అంత వెడల్పు ఎందుకుందో కూడా చెప్పండి. రాజమండ్రికి కాస్త దిగువన ధవళేశ్వరం దగ్గర గోదావరి పాయలుగా చీలుతుంది. గౌతమి ఒక పక్కకి, వశిష్ఠ ఒక పక్కకి పోతాయి. చీలకముందు ఉన్న ఈ నదిని అఖండ గోదావరి అంటారు. ఖండం కానిది, అంటే ముక్కలు కానిది. అంటే మహారాష్ట్ర నుంచి, తెలంగాణ నుంచి, మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అన్నీ తెచ్చిపోసిన నీళ్ళు ఒకే చోట, ఒకే ఒరవడిలో పోయే చోటన్నమాట. మన తరగతిలో నిజామాబాద్, కరీంనగర్, నిర్మల్ వైపు పిల్లలు చాలామంది ఉంటారు. గోదావరి పాఠం వస్తే అది మా ఊరిది కాదనుకుని ముఖం తిప్పుకునే పిల్లలున్నారు. వాళ్ళకి ఈ మాట తప్పకుండా చెప్పండి: రాజమండ్రి దగ్గర వంతెన స్తంభాలకు తగిలే నీళ్ళు బాసర మెట్లు తాకి వచ్చినవే.

ఇక వంతెన లేనప్పటి సంగతి. ఈస్ట్ కోస్ట్ రైల్వే వాళ్ళు బెజవాడ నుంచి కటక్ దాకా లైను 1893, 1896 మధ్య వేశారు. మద్రాసునీ కలకత్తానీ ఒకే దారికి కలపాలన్నది ఆలోచన. పట్టాలు అన్నిచోట్లా పడ్డాయి, గోదావరి దగ్గర మాత్రం తెగిపోయాయి. ఇటు నుంచి వచ్చిన రైలు కొవ్వూరులో ఆగేది, అటు రైలు రాజమండ్రిలో ఉండేది. మధ్యలో జనం మూటా ముల్లే దింపుకుని నది దాటాలి. ఎండాకాలం పరవాలేదు. శ్రావణ మాసంలో ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు అవతలి ఒడ్డు కనిపించదు.

ఇక్కడ ఒక పక్కమాట. మనవాళ్ళకి గోదావరి అనగానే కాటన్ దొర గుర్తొస్తాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, డెల్టా జాతకం మారిపోయింది. ఆ కాటనే రైళ్ళంటే పెద్దగా ఇష్టపడలేదని పిల్లలకి చెప్తే ఆశ్చర్యపోతారు. దేశానికి కావలసినవి కాలవలు, నీటి దారులు, రైళ్ళకి పోసే డబ్బు అక్కడ పోయండి అని ఆయన జీవితమంతా వాదించాడు. 1899 జులైలో ఇంగ్లండులో చనిపోయాడు. అప్పటికి ఆయన ఆనకట్టకి కూతవేటు దూరంలో రైలు వంతెన స్తంభాలు లేస్తున్నాయి. ఇద్దరు ఇంజినీర్లు, ఒకే నది, రెండు రకాల ఆలోచనలు. పెద్ద తరగతి పిల్లలకి ఇది చక్కటి చర్చ అవుతుంది. రైలు ధాన్యాన్ని కరువు సీమకి తేగలదు, పండిన సీమ నుంచి పట్టుకుపోగలదు కూడా. ఎవరి కోసం వేశారు, ఎవరికి ఉపయోగపడింది అన్నవి రెండు వేరు వేరు ప్రశ్నలని వాళ్ళకి అర్థమైతే చాలు. తెల్లవాళ్ళు మన మీద ప్రేమతో కట్టారనీ చెప్పకండి, వంతెన వల్ల మనకి ఒరిగిందేమీ లేదనీ చెప్పకండి.

పనికి పెద్ద ఇంజినీరు ఫ్రెడరిక్ థామస్ గ్రాన్‌విల్ వాల్టన్. అంతకుముందు కాశీలో గంగ మీద డఫరిన్ బ్రిడ్జి కట్టినవాడు. ఈ రోజు మాలవీయ వంతెన అంటున్నామే, అదే. పెద్ద నది, లోతైన ఇసక, ఏటా వరద: ఈ మూడింటితో ఆయనకి పాత పరిచయం. గోదావరిలో పని చేయగలిగింది నవంబరు నుంచి జూన్ దాకానే. తర్వాత నది తనది. పని మొదలైన తేదీ ఒకసారి మళ్ళీ చూడండి, నవంబరు 11. వరద తీసేశాక. మధ్యలో రెండు వరద కాలాలు గడిచాయి, మూడో వరద కాలంలో రైలు నడిచింది. మూడేళ్ళు కూడా పట్టలేదు. ఇంజినీర్లయిన తల్లిదండ్రులు ఈ మాట దగ్గర ఒకసారి ఆగుతారు, నేను గమనించాను.

ఇసకలో స్తంభం ఎలా నిలబడుతుంది? పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆ కాలంలో మన పెద్ద నదుల్లో వాడిన పద్ధతి బావి పునాది. గోదావరి జిల్లాల ఊళ్ళలో ఇసక నేలలో నుయ్యి తవ్వేటప్పుడు ఒరలు దించుతారు కదా, దాదాపు అలాగే. కింద పదునైన ఇనుప అంచు, దాని మీద గుండ్రటి గోడ. లోపలి ఇసక తోడేస్తుంటే ఆ గోడ తన బరువుకి తానే కిందకి దిగుతుంది. దిగినకొద్దీ పైన ఇంకొన్ని వరసలు కడతారు. గట్టి నేల తగిలేదాకా అంతే. తర్వాత లోపల నింపేసి, మీద రాతి స్తంభం లేపుతారు. బకెట్లో తడి ఇసక పోసి, అడుగు కోసేసిన ప్లాస్టిక్ సీసాని నిలబెట్టి, లోపలి ఇసకని చెంచాతో తియ్యమనండి. సీసా దిగడం కళ్ళారా చూస్తారు. ఇసకకి మనకి ఇక్కడ కొదవ లేదు.

స్తంభాల మీద ఇనుము. మొత్తం 56 స్పాన్లు, ఒక్కోటి 45.7 మీటర్లు, అంటే 150 అడుగులు. 56ని 45.7తో గుణించమనండి. 2,560 మీటర్ల దగ్గర వస్తుంది, వంతెన మొత్తం పొడవు అంతకంటే ఎక్కువ. మిగతాది ఎక్కడికి పోయిందని అడగండి. స్తంభాలకి మందం ఉంటుందన్న సంగతి ఎవరో ఒకరు పట్టుకుంటారు. పట్టుకున్నవాళ్ళకి చప్పట్లు.

150 అడుగుల దూరాన్ని ఒక గట్టి దూలంతో దాటించాలంటే ఆ దూలం తన బరువు మోయడానికే సగం బలం ఖర్చు పెడుతుంది. అందుకే ట్రస్. దీనికి తెలుగు మాట కోసం వెతుక్కోనక్కర్లేదు, ట్రస్ అనే అందాం. ఇనుప కడ్డీలని త్రికోణాలుగా జోడించి చేసిన దూలం అది. మధ్యలో అంతా ఖాళీ, బరువు తక్కువ, గాలి లోపల్నుంచి పోతుంది. త్రికోణమే ఎందుకో చేతులతో తెలుసుకోవాలి. నాలుగు ఐస్‌క్రీమ్ పుల్లలని మూలల్లో గుండుసూదులతో చదరంగా కలపండి. ఒక మూల నొక్కితే ఒరిగిపోతుంది. ఇప్పుడు మూల నుంచి మూలకి ఇంకో పుల్ల పెట్టండి. ఇక కదలదు. తర్వాత ఆ అయిదో పుల్ల తీసేసి దాని చోట దారం కట్టండి. ఒక వైపు నెడితే ఆగుతుంది, రెండో వైపు నెడితే వాలిపోతుంది. దారం లాగుడికి పనికొస్తుంది, నొక్కుడికి పనికిరాదు. ట్రస్‌లో ప్రతి కడ్డీ ఈ రెంటిలో ఏదో ఒక పని చేస్తుంది: రైలు మీదకి వచ్చినప్పుడు పై కడ్డీలు నలుగుతాయి, కింది కడ్డీలు సాగుతాయి, మధ్యలో వాలుగా ఉన్నవి ఆ బరువుని స్తంభాల దాకా మోసుకెళ్తాయి. ఇది చరిత్ర పాఠమా, సైన్సు పాఠమా అని అడిగే తల్లిదండ్రులకి నా జవాబు: తెలుగు పాఠం. వాలుగా, నిలువుగా, అడ్డంగా, ఒరగడం, నలగడం, సాగడం. ఈ మాటలు పిల్లలకి బట్టీ పట్టించి రావు.

కడ్డీలని కలిపింది రివెట్లు. ఇప్పటిలాగా బోల్టు, వెల్డింగు కాదు. ఆ కాలంలో రివెట్టుని కొలిమిలో ఎర్రగా కాల్చి, పట్టకారుతో అందించి, రంధ్రంలో దూర్చి, ఒకడు వెనక నుంచి అదిమి పడితే ఇంకొకడు సుత్తితో ముందు తల సాగగొట్టేవాడు. చల్లారేటప్పుడు రివెట్టు కొంచెం కుంచించుకుని రెండు రేకుల్నీ బిగించి పట్టుకుంటుంది. ఒక్కో గర్డరులో అలాంటివి ఎన్నెన్నో. ప్రతి దాని వెనకా ముగ్గురు నలుగురు మనుషుల చేతులు.

ఆ చేతులు ఎవరివి? నాకు ఈ పాఠంలో కష్టంగా ఉండే చోటు ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగమంటాను.

వంతెనకి పేరు సర్ ఆర్థర్ ఎలిబ్యాంక్ హేవలాక్‌ది. అప్పటి మద్రాసు గవర్నరు, 1896 నుంచి 1900 దాకా. ఇంటర్నెట్‌లో వెతికిన పిల్లలు 1857 తిరుగుబాటు నాటి సేనాని హెన్రీ హేవలాక్‌ని పట్టుకొస్తారు, అండమాన్ దీవికి 2018 దాకా ఉన్న పేరు ఆయనది. ఈయన వేరు. ఈ హేవలాక్ మద్రాసుకి రాకముందు సిలోన్‌కి గవర్నరు, అంతకుముందు 1880ల చివర్లో దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి గవర్నరు. నాటాల్ పేరు వినగానే మనం చెవులు నిక్కించాలి. 1860 నుంచి అక్కడి చెరుకు తోటల్లోకి మద్రాసు రేవు నుంచి ఒప్పందం కూలీలుగా ఓడల్లో వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. అంటే దొర ఒక వలస రాజ్యం నుంచి ఇంకో దానికి బదిలీ మీద తిరిగాడు, మనవాళ్ళు అదే సముద్రాల మీద కూలికి తిరిగారు. దొర పేరు వంతెన మీద ఉంది. వాల్టన్ పేరు పుస్తకాల్లో ఉంది. ఇసక తోడినవాళ్ళు, రాయి చెక్కినవాళ్ళు, రివెట్టు కొట్టినవాళ్ళు వంతెన కథనాల్లో ఎక్కడా పేర్లతో కనిపించరు. ‘కూలీలు’ అన్న ఒక్క మాటలో అందరూ సర్దుకుపోయారు.

దోహాలో కూర్చుని ఈ మాట చెప్పడం ఊళ్ళో కూర్చుని చెప్పడం లాంటిది కాదు. మన తరగతి పిల్లల తండ్రుల్లో స్ట్రక్చరల్ ఇంజినీర్లున్నారు, సేఫ్టీ ఆఫీసర్లున్నారు, వెల్డర్లు, రిగ్గర్లు, స్కాఫోల్డింగు మేస్త్రీలూ ఉన్నారు. ఒకసారి ఈ పాఠం రోజున రిగ్గింగు పని చేసే ఒక నాన్నగారిని పిలిచాం. కోనసీమ మనిషి. మైకు పట్టుకోవడానికి మొహమాటపడ్డారు. తర్వాత జేబులోంచి అరచేతంత బోల్టు తీసి చూపించి, ‘ఇది బిగించేటప్పుడు కింద ఉన్నవాడి ప్రాణం నా చేతిలో ఉంటుంది, నా ప్రాణం పైవాడి చేతిలో ఉంటుంది’ అన్నారు. ఆ బోల్టు తరగతంతా చేతులు మారింది. ఇంటికి తిరిగెళ్ళేదాకా ఆయన కూతురు దాన్ని వదల్లేదు. ఆ వారం వంతెన గురించి పిల్లలు రాసిన పేరాల్లో ‘కూలీలు’ అన్న మాట తక్కువ కనిపించింది, ‘రివెట్టు కొట్టినాయన’, ‘ఇసక తోడినాయన’ అని రాశారు. పేర్లు తెలియకపోయినా పనితో గుర్తు పెట్టుకోవచ్చని వాళ్ళకి వాళ్ళే కనిపెట్టారు. మీ శాఖలో కూడా ఇలాంటి తల్లిదండ్రులని పిలవండి. ఇంజినీర్ని ఒక్కడినే పిలిచి ఊరుకోవద్దు.

వీలైతే పాఠానికి ముందు ముషైరిబ్ మ్యూజియంలలోని కంపెనీ హౌస్‌కి తీసుకెళ్ళండి. ఖతార్ తొలి చమురు కంపెనీ కార్యాలయంగా ఉన్న ఇల్లు అది. దుఖాన్‌లో చమురు తీసిన తొలితరం కార్మికుల కథే అక్కడ ముఖ్యంగా చెప్తారు, వాళ్ళ జ్ఞాపకాలతో సహా. కార్మికులని మధ్యలో పెట్టి చరిత్ర చెప్పడం ఎలా ఉంటుందో పిల్లలు అక్కడ చూసి వస్తే, హేవలాక్ వంతెన కథలో ఏం లేదో మనం చెప్పక్కర్లేదు.

మళ్ళీ గోదావరికి వద్దాం. ఈ రోజు రాజమండ్రి గట్టు మీద నిలబడితే మూడు రైలు వంతెనలు కనిపిస్తాయి, నూరేళ్ళ చరిత్ర వరసగా. మొదటిది మన పాత బ్రిడ్జి. రెండోది 1974 నాటి రోడ్డు-కమ్-రైలు వంతెన, కింద రైలు, పైన బస్సులు, లారీలు. ఇదీ ఉక్కు ట్రస్సే, కానీ పెద్ద స్పాన్లు 91.5 మీటర్లవి, అలాంటివి 27, చిన్నవి 7. మూడోది 1997లో వచ్చిన కాంక్రీటు విల్లు వంతెన, 97.5 మీటర్ల స్పాన్లు 28. ఫోటో చూపించి స్పాన్లు లెక్కపెట్టమంటే పిల్లలే చెప్తారు: 56, 34, 28. నదిలో దింపాల్సిన పునాదులు తగ్గిపోతూ వచ్చాయి. నైపుణ్యం పెరిగినకొద్దీ స్పాను పొడుగైంది. సినిమాల్లో, క్యాలెండర్లలో కనిపించేది మూడోదే, దాని విల్లు వంపులు ఫోటోకి బాగుంటాయి. పాతది పక్కన తుప్పు రంగులో పొట్టిగా ఉంటుంది. కానీ 1974 దాకా అక్కడ రైలుకి ఆధారం అదొక్కటే. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల పైన వరద వచ్చి లంకలన్నీ మునిగినప్పుడు దాని వయసు 86 ఏళ్ళు. నిలబడింది.

1997లో రైళ్ళు ఆగాక రైల్వే దృష్టిలో అది పని లేని ఉక్కు. విప్పేసి తుక్కు కింద తీసేద్దామన్న ఆలోచన వచ్చింది. ఊరు ఒప్పుకోలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు ఉంటుందన్నది వాళ్ళ బాధ. వంతెనని నిలబెట్టి, మనుషులు నడిచే చోటుగా, చూసే చోటుగా చెయ్యమని అడుగుతూ వచ్చారు. ఈ ఏళ్ళన్నీ వంతెన ఎండకి ఎండి వానకి తడిసింది.

మా తరగతిలో ఒక ఆరో తరగతి పిల్లవాడు సూటిగా అడిగాడు: ‘రైలు వెళ్ళకపోతే బ్రిడ్జి ఎందుకు టీచర్?’ దీనికి తొందరపడి జవాబు చెప్పకండి. ఇది మంచి ప్రశ్న. విప్పేయాలనేవాళ్ళ వైపు కూడా న్యాయం ఉంది. నది గాలిలో ఉక్కుకి ఏళ్ళ తరబడి రంగు వెయ్యకపోతే తుప్పు తింటుంది. 56 స్పాన్లకి రంగు వెయ్యడం, కమ్ములు బిగించడం, జనం నడిస్తే పడిపోకుండా కంచె కట్టడం, కాపలా పెట్టడం, అన్నీ డబ్బే. ఆ డబ్బుతో ఒక ఆసుపత్రి నడుస్తుంది కదా అన్నారు ఒక అమ్మగారు, ఆవిడ నర్సు. ఆ మాటని కూడా బోర్డు మీద రాయండి.

రెండో పక్కన పెట్టడానికి లోకంలో ఉదాహరణలున్నాయి. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో కల్హూన్ కౌంటీ వాళ్ళు కలమజూ నది పక్కన ఒక పార్కు పెట్టారు. పేరే చారిత్రక వంతెనల పార్కు. గుర్రబ్బళ్ళ కాలంలో పల్లె దారుల మీద కట్టిన ఇనుప ట్రస్ వంతెనలు లారీలకి ఆగవని పక్కన పెట్టేస్తుంటే, రాష్ట్రంలోని వేరే చోట్ల నుంచి కూడా తెచ్చి, విప్పి, బాగుచేసి, పార్కులోని నడకదారుల మీద మళ్ళీ నిలబెట్టారు. పాత పద్ధతిలో రివెట్లు ఎర్రగా కాల్చి మరీ బిగించారు. ఇప్పుడు వాటి మీద పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు. మన దేశంలో అహ్మదాబాదులో సబర్మతి మీద 1892 నాటి ఎల్లిస్ బ్రిడ్జి ఉంది. ట్రాఫిక్ మొయ్యలేకపోతే దానికి అటూ ఇటూ కొత్త వంతెనలు కట్టి, పాత దాన్ని మధ్యలో అలాగే ఉంచేశారు.

విప్పి మళ్ళీ కట్టడం అంటే ఏంటో దోహా పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. 974 స్టేడియం దగ్గరికి వాళ్ళు వెళ్ళే ఉంటారు. 974 కంటెయినర్లు, ఉక్కు చట్రం, ప్రపంచ కప్ అయ్యాక ఊడదీసి ఇంకోచోట వాడుకునేలా మొదటి రోజు నుంచే ఆలోచించి కట్టారు. మరి గోదావరి వంతెనని కూడా అలా పట్టుకెళ్ళి పార్కులో పెట్టొచ్చు కదా అని ఒకరైనా అంటారు. అన్నప్పుడు ఇదీ చెప్పండి: మిచిగన్ వంతెనలు చిన్నవి, వాగు దాటించినవి, ఏ వాగు మీద పెట్టినా అవి అవే. ఇది వేరు. ఒక్క స్పాను తెచ్చి ఊళ్ళో పెడితే అది ఇనుప చట్రం, అంతే. ఈ వంతెనలో చూడాల్సింది దాని పొడవు. నది ఇంత ఉంటే మనుషులు అంతా దాటారన్నది ఒడ్డు నుంచి ఒడ్డుకి నడిస్తేనే కాళ్ళకి తెలుస్తుంది. కొన్ని స్పాన్లు ఉంచి మిగతావి తీసేద్దామనే రాజీ మాట కంటే, అన్ని స్తంభాలూ అన్ని గర్డర్లూ ఉంచి, బాగుచెయ్యగలిగినంత మేర మాత్రం జనాన్ని నడవనివ్వడం మేలని నా అభిప్రాయం. మీకు వేరే అభిప్రాయం ఉంటే మీ తరగతిలో అదే చెప్పండి, పిల్లలకి రెండూ వినపడాలి.

ఇప్పుడు కాలం కలిసొచ్చినట్టే ఉంది. 2025 జూన్‌లో రాజమండ్రిలో అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన జరిగింది, దాదాపు 94 కోట్ల రూపాయలతో. పాత వంతెనని పర్యాటక స్థలంగా తీర్చిదిద్దడం అందులో ముఖ్యమైన పని. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి కాబట్టి అందరి దృష్టీ అక్కడే ఉంది. పాఠం చెప్పే వారం తాజా వార్త ఒకటి వెతికి చదివించండి, తెలుగు పత్రికలోదే. ‘శంకుస్థాపన’, ‘పునరుద్ధరణ’, ‘పర్యాటకం’ లాంటి మాటలు పిల్లలకి మొదటిసారి పనికొచ్చేది అప్పుడే. ఇంకో చిన్న సంగతి కూడా వార్తల్లో తగులుతుంది. వంతెన కట్టిన నూరేళ్ళ తర్వాత కూడా ఇటు తూర్పు గోదావరి, అటు పశ్చిమ గోదావరి అని చదువుకున్నాం. 2022లో జిల్లాలు మార్చాక కొవ్వూరు కూడా తూర్పు గోదావరిలోకే వచ్చింది. వంతెన రెండు కొసలూ ఇప్పుడు ఒకే జిల్లా.

ఇంటిపని ఒక్కటే ఇవ్వండి: ఊరికి ఫోను. తాతయ్యనో, అమ్మమ్మనో, నాయనమ్మనో రైల్లో గోదావరి దాటిన సంగతి అడగాలి. ఏ ఏడు, ఎక్కడి నుంచి ఎక్కడికి, పక్కన ఎవరున్నారు, నాణెం వేశారా. వాళ్ళు దాటింది ఏ వంతెన అన్నది పిల్లలు తేల్చాలి. 1974కి ముందు అయితే పేచీ లేదు, పాత బ్రిడ్జే. 1974కీ 1997కీ మధ్య అయితే నెత్తిన బస్సులు తిరిగే వంతెనా, కాదా అని అడగాలి. 1997 తర్వాత అయితే పాతది కాదు, కిటికీలోంచి పక్కన చూసి ఉంటారంతే. పెద్దవాళ్ళ జ్ఞాపకం, తేదీ, వంతెన రూపం ఈ మూడూ పెట్టి నిజం తేల్చడం చిన్నపని కాదు, చరిత్రకారులు చేసేది అదే. తెలంగాణ కుటుంబాల్లో గోదావరిని రైల్లో కాక బస్సులో, బాసర దగ్గరో ధర్మపురి దగ్గరో దాటినవాళ్ళుంటారు. అదీ రాసుకురమ్మనండి, పక్కన నది మ్యాపులో చుక్క పెట్టించండి. ఫోనులో చెప్పింది చెప్పినట్టు రాయాలి, పుస్తక భాషలోకి మార్చొద్దు. అమ్మమ్మ ‘బల్లకట్టు’ అంటే బల్లకట్టనే రాయాలి, అర్థం తర్వాత తెలుసుకుందాం.

2027 జూన్ చివర పుష్కరాల రోజులు మన బడి సెలవుల్లోనే పడతాయి. ఊరికి వెళ్ళే కుటుంబాలు ఇప్పుడే చెప్పండి, ఒక్కో పిల్లవాడికి ఒక్కో పని ఇస్తాం. ఒకరు స్తంభాలు లెక్కపెట్టాలి, ఒకరు ఒక గర్డరు బొమ్మ గియ్యాలి, త్రికోణాలు ఎన్నో రాయాలి. చిన్నవాళ్ళకి రివెట్లు. అన్నీ వద్దు, చెయ్యి అందినంత మేర చాలు.